కేసు కొట్టేసిన్రు

మా గోడ సంగతి తేలిపోయిందనే అనుకున్నాను. వకీలు గారి గుమాస్తా సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మా, జడ్జి గారు మన కేసు కొట్టేసిన్రు" అన్నాడు. వెనక లారీ హారన్లు. అతను ఇంకేదో చెప్పబోతుంటే వినకుండానే, చల్లగా ఉండు బిడ్డా అని పెట్టేశాను. మా ఇంట్లో కొట్టడమంటే గెలవడమే. మనవరాలు బడిలో కప్పు కొట్టింది, అల్లుడు టెండరు కొట్టాడు. నేను కేసు కొట్టాను.

కొండాపూర్‌లో మాది పాత ఇల్లు. చుట్టూ అద్దాల బిల్డింగులు లేచాక, పక్క జాగా కొన్నాయన మా సందులోకి జరిగి గోడ కట్టాడు. వెనక గదికి పోవాలంటే మనిషి పక్కకు తిరిగి అడ్డంగా నడవాలి. ఆ గోడ మీదే నా దావా. గెలిచానని ఆయన గేటు ముందు నిలబడి నేనే చెప్పి వచ్చాను. గోడ పడగొట్టడానికి పొద్దున్నే మేస్త్రీని పిలిపించాను.

వెనక గదిలో కిరాయికుండే అమ్మాయిది గోదావరి వైపు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో పని. ఎక్కడెక్కడి కోర్టు కాగితాలో ఇంగ్లీషులో వస్తే వాటిని స్పానిష్‌లోకి మారుస్తుంది. ఆ భాష తప్ప వేరే రానివాళ్లకు తమ కేసు ఏమైందో తెలియాలి కదా. నాకు తెలుగు అక్షరాలే ముసలితనంలో, రాత్రి బడిలో వచ్చాయి. ఇంగ్లీషు రాదు. అందుకని ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆపి, గుమాస్తా నా ఫోన్‌కు పంపిన తీర్పు చూపించాను. గెలిచిన ముక్క చదువు, వింటాను అన్నాను.

ఆమె చదివింది. మళ్లీ మొదటికి పోయి చదివింది. సందులో మేస్త్రీ గడ్డపార దించిన చప్పుడు వినపడింది.

"మామ్మగారూ, ముందు ఆయన్ని ఆపండి. కొట్టేశారంటే గెలిచినట్టు కాదండి. మీ దావానే తీసేశారు."

మేస్త్రీని ఆగమని కేకేశాను. పక్కాయన అప్పటికే ఫోన్ పట్టుకుని తన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, గోడకు ఒక్క దెబ్బ తగిలితే చాలు వీడియో తీసేటట్టు.

అయితే అంతా అయిపోయిందా అని అడిగాను. కాలేదంది. చివర 'వితౌట్ ప్రెజుడిస్' అని ఉందంది. అదేందో తెలుగులో చెప్పమంటే ఫోన్‌లో వెతికి, 'పక్షపాతం లేకుండా' అని చదివింది.

"అంటే జడ్జి మంచోడన్నట్టా? మంచోడైతే నాకేంది?"

అది కాదంది. రోజూ ఈ మాటను స్పానిష్‌లో రాస్తూనే ఉంటానంది. టక్కున అని చూపించింది కూడా. ఆ భాషలో మాటకు మాట పెట్టి వదిలేస్తే, చదివేవాళ్లకు నష్టమేమీ లేదులే అన్నట్టు తోచి ఊరుకుండిపోతారట. అందుకే పక్కన ఇంకో ముక్క కలిపి రాస్తారట. ఆ ముక్క ఏందని అడిగితే అదీ స్పానిష్‌లోనే చెప్పింది.

"ముఖం తెల్వనోళ్లకు చెప్తవ్ పిల్లా. ఎదురుంగ ఉన్నదాన్ని, నాకు చెప్పరాదా?"

ఆమె బ్యాగు దించి మెట్టు మీద కూర్చుంది. క్యాబ్ డ్రైవర్ ఫోన్ చేస్తుంటే కట్ చేసింది. దావాలో సర్వే నంబరు తప్పు పడిందట. గోడ ఎవరి జాగాలో ఉందో జడ్జి చూడనే లేదట. ఇంత చెప్పాక ఆ మాట దొరికింది.

"మళ్లీ వేసుకోవచ్చండి. నంబరు సరిచేసుకుని. ఈలోగా గోడ ముట్టుకుంటే మాత్రం కేసు మీ మీద పడుతుంది."

మళ్లీ వేసుకోవచ్చు. దీనికింత తిప్పలా అన్నాను.

సందులోంచి మేస్త్రీ విసుగ్గా అడిగాడు. "కొట్టాల్నా అవ్వా, వద్దా?"

వద్దన్నాను. పక్కాయన ఫోన్ దించకుండానే నవ్వాడు. "ఏమైంది పెద్దమ్మా? నిన్న గెలిచిన అంటివి."

"ఓడిన," అన్నాను. "మళ్ల వేస్త."

ఆయన ఫోన్ అట్లాగే పట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ గడ్డపార నిలువుగా పట్టుకుని, గోడకు తగలకుండా, అడ్డంగా నడుచుకుంటూ బయటికి వచ్చాడు.