ఎమ్మెట్ క్రోగ్ అమ్మని తుపాకులు

ఎమ్మెట్ క్రోగ్‌కు తుపాకుల దుకాణం ఉంది కానీ, తుపాకులు అమ్మడం మాత్రం ఇష్టం లేదు. అందులోనూ మొదటి తుపాకీ. పాత కాపులు వచ్చి అడిగితే కాగితాలు నింపించుకుని కిమ్మనకుండా ఇచ్చేస్తాడు. "దూరం గురికి మొదటి రైఫిల్ కావాలి" అని ఎవరైనా గుమ్మం తొక్కారో, కళ్లజోడు నుదుటి మీదికి తోసి "అమ్మను" అంటాడు. ఏ రైఫిలో వినకముందే అంటాడు.

కొనేవాడు దేవుడని గోడ మీద రాసుకునే దుకాణాలు అమెరికాలోని మా మోంటానాలోనూ కావలసినన్ని. ఎవరో అలాంటి బోర్డు ఉచితంగా తెచ్చి ఇవ్వబోతే, "దేవుడైతే తుపాకీ ఎందుకయ్యా? పిడుగు వేసుకుంటాడు" అని తిప్పి పంపాడు.

ఆగస్టు మొదట్లో ఆ గుమ్మం ఎక్కిన మనిషి వెర్నా టిబెట్స్. స్కూలు బస్సు నడుపుతుంది. వయసు యాభై రెండు. తను వెనక్కి తిరగకుండానే నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు. మా ఊరు కాటన్‌క్రీక్ గురి క్లబ్బులో చేరాలంటే ఏడాదికి ఒక్కటే పరీక్ష. ఆరువందల గజాల అవతల వేలాడే ఇనప పలకను ఐదు గుళ్లలో మూడింటితో మోగించాలి. తప్పితే మళ్లీ ఏడాదికే. క్లబ్బు అధ్యక్షుడు ఆమె సొంత అన్న లాయిడ్. "పలక దాకా ఎందుకే, దాని వెనకున్న కొండకు తగిలించు చాలు" అని పదిమందిలో నవ్వాడు. ఆ నోరు మూయించాలి. అదీ సొంత తుపాకీతో. లాయిడ్‌ది అరువడగడం కంటే బిల్లింగ్స్ పట్నం దాకా బస్సును వెనక్కి నడుపుకుంటూ పోవడం నయం అనుకుంది.

"ఆ పెద్దది ఇవ్వండి" అంది, అన్నిటికంటే పైన ఉన్న, పెద్ద తూటాల మాగ్నమ్ రైఫిల్‌ను చూపించి.

"అమ్మను."

"ఎందుకని?"

జవాబుకు బదులు ఎమ్మెట్ తాళాల గుత్తి ఆమె మీదికి విసిరాడు. ఆమె ఒడుపుగా పట్టుకుంది. అతను "ఊఁ" అని, తాళాలు తీసుకుని వెళ్లి కాఫీ పెట్టుకున్నాడు. బేరం ముగిసింది.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చిల్లు పెట్టిన అట్టముక్క చేతికిచ్చాడు. "రెండు కళ్లూ తెరిచి, దీన్లోంచి ఆ ధాన్యం గోదాము మీది గడియారం చూడు. అలాగే అట్టను మొహానికి ఆనించుకో."

"రైఫిల్ కొనడానికొచ్చానా, కంటి డాక్టరు దగ్గరికొచ్చానా?"

"చూడమ్మా."

చూసింది. తర్వాత దర్జీలా ఆమె మోచేతి నుంచి వేలి దాకా టేపుతో కొలిచాడు. "చేతులు పొట్టి" అన్నాడు.

"బస్సు స్టీరింగు ఎప్పుడూ ఆ ఫిర్యాదు చేయలేదే!"

"దాంతో గురి చూడవు కదా. రైఫిల్ అమ్మను. పద."

మూడోసారి వచ్చినప్పుడు ఆశ్చర్యంగా ఆ మాగ్నమ్‌నే కిందికి దించి, వెనక పెరట్లోని గురిస్థలానికి తీసుకెళ్లాడు. చెవులకు మూతలు పెట్టించి, గుళ్లు తనే నింపాడు. వెర్నా కాల్చింది. భుజం మీద ఎద్దు కుమ్మినట్టయింది. రెండోసారి పళ్లు బిగపట్టి మీట నొక్కింది. చప్పుడే లేదు. ఎమ్మెట్ ఈసారి మందు లేని ఉత్త తూటా పెట్టాడు. అయినా గొట్టం ముక్కు మాత్రం జానెడు కిందికి పడిపోయింది.

"చూశావా? తుపాకీ పేలలేదు, నువ్వు పేలావు" అన్నాడు ఎమ్మెట్.

"మోసం!"

"మోసమే. నీ భుజం ముందే భయపడుతోంది. ఆ భయంతో ఆరువందల గజాలంటే గుండు పక్క ఊళ్లో దిగుతుంది."

వెర్నా మొహం జేవురించింది. "ఏమయ్యా పెద్దమనిషీ, అమ్మడం ఇష్టం లేకపోతే కొట్టు మూసి ఉల్లిపాయలు పండించుకో! పరీక్ష ఎనిమిది రోజుల్లో ఉంది. రాయి విసిరైనా ఆ పలక మోగిస్తాను. నీ గుమ్మం మాత్రం ఇక తొక్కను!"

"మంచిది" అన్నాడు.

మర్నాడు దుకాణానికి తాళం పడింది. ఇరవై ఏళ్లలో పనిరోజున ఆ తలుపు మూసి ఉండగా ఎవరూ చూడలేదు. ఆ మర్నాడు సాయంత్రం బస్సుల షెడ్డు దగ్గర అతని ట్రక్కు ఆగింది. అద్దం దించి, "నా గుమ్మం తొక్కొద్దులే. నేనే వచ్చాను. కాగితాలూ తెచ్చాను" అన్నాడు.

ట్రక్కులో ఉన్న రైఫిల్ పెద్దదేం కాదు. మధ్యరకం తూటా. భుజానికి ఆనే వెనక చెక్క బొటనవేలంత కోసి పొట్టి చేసి ఉంది. గుండు ఎక్కించే పిడి మాత్రం ఎడమ వైపుంది.

"తాళాలు ఎడంచేత్తో పట్టావు. అట్ట ఎడమ కంటికి ఆనించుకున్నావు. కుడి భుజానికి పెట్టుకోమని నీకెవరు నేర్పారు?"

"నాన్న. ఇంట్లో ఉన్నవన్నీ కుడి చేతివే కదా."

"నలభై ఏళ్లుగా పరాయి చేత్తో కాలుస్తున్నావు" అన్నాడు ఎమ్మెట్. "ఇది అమ్ముతాను."

ఆ వారమంతా వెర్నా సాయంత్రాలు అతని పెరట్లోనే గడిపింది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.

పరీక్షనాడు గాలి మోంటానా గాలిలాగే విసురుగా వీచింది. మొదటి గుండు పలక అంచు పక్కన దుమ్ము లేపింది. లాయిడ్ నోరు తెరవబోయాడు. రెండోది టంగుమంది. మూడోదీ. నాలుగోది గాలికి కొట్టుకుపోయింది. వెర్నా ఊపిరి వదిలి, గడ్డి వాలుతున్న తీరు చూసి, గురి కాస్త ఎడమకు జరిపి, తీరిగ్గా మీట నొక్కింది. గుండు వెళ్లాక చాలా సేపయినట్టనిపించి, అప్పుడు వచ్చింది ఆ చప్పుడు.

లాయిడ్ గొణిగాడు. "ఎమ్మెట్ గాడు చెప్పింది నిజమే అన్నమాట."

"ఏం చెప్పాడు?"

"మూడు వారాలుగా కాఫీ హోటల్లో అందరికీ అదే పాట. 'వెర్నాకు తగిన రైఫిల్ నా కొట్లో లేదు, అడిగినప్పుడల్లా సిగ్గుతో చస్తున్నాను' అని. పోయిన వారం దీనికోసం ఐదు గంటలు నడుపుకుంటూ పోయి, తెల్లారేసరికి తిరిగొచ్చి చెక్క కోస్తూ కూర్చున్నాడు. నువ్వే తెమ్మని పంపావేమో అనుకున్నాను."

వెర్నా సరాసరి దుకాణానికి వెళ్లి, ఎమ్మెట్ బల్ల మీద చేయి చరిచింది. "నా మొహాన చేతులు పొట్టి, భుజానికి భయం అని తిట్టి, ఊరంతా తుపాకులదే తప్పని చెబుతావా? ఆ ముక్క నాకే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే" అన్నాడు ఎమ్మెట్ కాఫీ ఊదుకుంటూ, "నా తప్పేం లేదని పొంగిపోయి, పక్క ఊళ్లోనైనా ఆ మాగ్నమే కొనేదానివి."