అల్లుడుగారి తల పక్కన బ్రేకు పెడల్

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆయన పాత పికప్ ట్రక్కు. నడపడం నేర్పింది కూడా ఆయనే. ఈ ఏడు మా తెలుగు చర్చివాళ్లు వంటలకు పెద్ద ట్రైలర్ కొన్నారు. దాన్ని లాగే పని నేను తీసుకున్నాను. ట్రైలర్ చక్రాలకు సొంత బ్రేకులున్నాయి గానీ, అవి పడాలంటే ట్రక్కులో కంట్రోలర్ అనే డబ్బా ఉండాలి. మా ముసలి బండికి అది లేదు.

"శనివారం నాలుగింటికి బండి చూడ్డానికి ఒకాయన వస్తున్నాడమ్మా. ఈలోగా బ్రేకులు పనిచేస్తే సరి, లేకపోతే అమ్మేస్తా," అంది మా అమ్మాయి. అమ్మేస్తే, బస్సులు కూడా సరిగా లేని ఈ బెంటన్‌విల్‌లో నాకు కాళ్లు విరిచినట్టే.

కొట్లో నాకూ అల్లుడుగారికీ ఆ డబ్బాల్లో రెండు రకాలు చూపించారు. ఒకటి మనం మెల్లగా తొక్కినా, గట్టిగా తొక్కినా తన ఇష్టప్రకారమే పట్టేస్తుందట. రెండోది ట్రక్కు ఎంత జోరుగా ఆగుతోందో చూసుకుని ట్రైలర్‌నీ అంతే ఆపుతుందట.

"రెండోదే తీసుకోండి బాబూ. మొదటిది అచ్చం మా అమ్మాయే," అన్నాను. అల్లుడుగారికి నవ్వొచ్చింది గానీ, పక్కనే వాళ్లావిడ ఉంది. నేను చెప్తుంటే రాస్తున్నదీ ఆవిడే. ఈ ముక్క వదలకుండా రాయవే!

శనివారం పొద్దున అల్లుడుగారు వెల్లకిలా పడుకుని పెడల్ కింద తల దూర్చారు. కొత్త బండ్లలో ప్లగ్గు గుచ్చితే చాలట. ఇందులో నాలుగు వైర్లు చేత్తో కలపాలి. మూడు కలిపేశారు. నాలుగోదాన్ని, బ్రేకు తొక్కినప్పుడే కరెంటొచ్చే వైరుకి కలపాలి.

"అత్తయ్యగారూ, తొక్కండి. టెస్ట్ లైట్ పెట్టి, ఏ వైరుకి వెలుగుతుందో చూస్తాను."

"ఎక్కడ తొక్కను? అక్కడ మీ తలుంది."

"పక్కన పెడల్ కూడా ఉందండీ. పర్లేదు."

"మీకు పర్లేదు బాబూ. అల్లుడి నెత్తిన కాలు పెట్టిందని నలుగురూ నన్నంటారు."

"ఇక్కడ నలుగురెవరండీ?"

నేను గరిటె తెచ్చి దాంతో నొక్కాను. అది జారి ఆయన చెవికి తగిలింది. చీపురు కర్ర తెస్తానంటే వద్దని, వీడియోలో చెప్పిన రంగు చూసుకుని ఏదో వైరుకి కలిపేశారు.

ట్రైలర్ తగిలించి ఖాళీ పార్కింగ్ లాట్‌లో నడిపాం. బ్రేకు తొక్కితే ట్రైలర్ ఆగకపోగా వెనకనుంచి నెట్టింది. కుడివైపు ఇండికేటర్ వేస్తే మాత్రం వెలిగినప్పుడల్లా టక్కున పట్టి వదిలింది. కలిపింది దాని వైరుకట.

"బండికి ఎక్కిళ్లొచ్చాయి. మూడున్నరైంది," అంది మా అమ్మాయి.

అల్లుడుగారు మళ్లీ పెడల్ కింద దూరారు. ఇంక నేను సిగ్గు వదిలేశాను. చెప్పులు విప్పి, "ప్రభువా, మన్నించు. బాబూ, మీరూ మన్నించండి," అని పెడల్ మీద కాలేశాను.

"వెలిగిందండీ!" అని ఆయన కేకేశారు. ఆ కేకకి అదిరి నా మడమ ఆయన నుదుటికి తగిలింది. ఆయన్ని తాకి కళ్లకద్దుకుందామని వంగితే, నా తల స్టీరింగు మీద పడి హారన్ మోగింది.

వైరు మార్చి మళ్లీ నడిపాం. రెండూ కలిసి బుద్ధిగా ఆగాయి. నాలుగింటికి వచ్చినాయన్ని మా అమ్మాయి గుమ్మంలోంచే "సారీ, అమ్మట్లేదు," అని పంపేసింది.

ఆదివారం బిర్యానీ డేక్షాలు ఎక్కించుకుని చర్చికి నేనే నడిపాను. మా అమ్మాయి పక్క సీట్లో కూర్చుని, ప్రతి సిగ్నల్ దగ్గరా నాకంటే ముందే నేలని తొక్కింది.