మేకు దిగని నేల

మా బావ రోజుకి నాలుగిళ్ళు కట్టి, నాలుగిళ్ళు పడగొట్టేవాడు. ఈ మాట మా అక్కది. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ అనేది, పోనుపోను నవ్వకుండా అనడం మొదలుపెట్టింది. ఇన్ని ఇళ్ళు కట్టినా మనది మాత్రం అద్దె కొంపే అని చివర్లో ఓ ముక్క తగిలించేది. మా బావ పని టెంట్లు వెయ్యడం. టెంట్లంటే సభలకి వేసేవి కావు. కొండల్లోనో అడవి అంచునో ఓ రాత్రి గడపాలని సరదా పడేవాళ్ళు వీపున మోసుకుపోయే చిన్న గుడారాలు. అవి అమ్మే పెద్ద షాపులో, పై అంతస్తులో, ట్యూబులైట్ల కింద, నున్నటి టైల్స్ మీద వాటిని వేసి చూపించడం ఆయన ఉద్యోగం. నేను అదే అంతస్తులో బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటాను. నాకా ఉద్యోగం వేయించింది కూడా బావే. కాబట్టి నేను చెప్పేదంతా కళ్ళారా చూసిందే గానీ, ఎవరో చెబితే విన్నది కాదు.

చెప్పొద్దూ, ఆయన పని చూస్తే ముచ్చటేసేది. సంచిలోంచి గుడ్డ తీసి ఒక్క విదిలింపుతో పరిచేవాడు. ముక్కలుగా ఉన్న రాడ్లని టకటకా ఒకదానికొకటి తగిలించి, గుడ్డకి కుట్టిన గొట్టాల్లోంచి దూర్చి, మూలల్లో వంచి గుచ్చేసరికి టెంటు దానంతటదే లేచి నిలబడేది. నేను ఇక్కడ ఒక బిల్లు కొట్టేలోపు అక్కడ ఒక ఇల్లు లేచేది. చుట్టూ మూగిన పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇక వాటిని చూసుకోవడం అంటారా, కన్నకూతుర్ని కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదని అక్క దెప్పేది. బూట్లతో ఎవర్నీ లోపల అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి ముక్క రుద్దేవాడు. ఎప్పుడూ అదే మడత మీద మడిస్తే గుడ్డ అక్కడే చిట్లుతుందని ఒక్కోసారి ఒక్కోలా చుట్టేవాడు. సబ్బు తగిలితే వాన ఆపే పూత పోతుందట, అందుకని మరకలు ఉత్త తడిగుడ్డతోనే తుడిచేవాడు.

అదంతా మోకాళ్ళ మీదే. టెంటు పని నిలబడి చేసేది కాదు కదా. రాయిలాంటి నేల మీద ఏళ్ళ తరబడి మోకాళ్ళూని ఊని చివరికవి అరిగి కూర్చున్నాయి. లేచేటప్పుడు అరచెయ్యి నేలకి ఆనించి, అబ్బా అని, కాసేపు ఆగి అప్పుడు లేచేవాడు. ఇక మోకాళ్ళ మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కూర్చోకపోతే పని ఎలా జరుగుతుందో మాత్రం ఆయన చెప్పలేదు.

అందుకే మాకు ఆ కుర్చీ మీద అంత ఆశ. మా షాపులో సెక్షన్ హెడ్లకి ఓ బల్లా, ఓ చక్రాల కుర్చీ ఇస్తారు. టెంట్ల సెక్షన్ పాత హెడ్ మానేసి వెళ్ళాక ఆ కుర్చీ ఖాళీగా పడి ఉంది. నీకు కాకపోతే ఇంకెవరికయ్యా అని మేనేజరు వీలున్నప్పుడల్లా బావ భుజం తట్టేవాడు. హెడ్ అయితే వేసి చూపించే పని వేరేవాళ్ళది, ఈయన కూర్చుని ఆర్డర్లు చూసుకుంటే చాలు. అక్కకి పెరిగే జీతం మీద కూడా ధ్యాస లేదు. ఆ మనిషి సాయంత్రం మెట్లెక్కి ఇంటికి రాగలిగితే అదే పదివేలు అనేది నాతో. బావ రోజూ పొద్దున్నే ఆ కుర్చీ దుమ్ము తుడిచేవాడు, కానీ ఒక్కసారైనా అందులో కూర్చోలేదు. ఓసారి కూర్చుని చూడు బావా, కుర్చీ ఏం కరవదులే అని నేను ఏడిపిస్తే, ఇచ్చాక కూర్చుంటాలే మరదలా అని నవ్వేసేవాడు. ఇవ్వకుండా ఏదీ ముట్టుకోని మనిషి. అలాంటివాళ్ళకి ఎవరూ ఏదీ ఇవ్వరని నాకు అప్పటికే అనుమానం.

ఇక్కడ టెంటు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రాడ్లు టెంటుని నిలబెడతాయి, అంతే. అది గాలికి ఆగాలంటే చుట్టూ ఉన్న తాళ్ళు బిగలాగి, నేలలో మేకులు దిగ్గొట్టి కట్టాలి. టైల్స్‌లో మేకెలా దిగుతుంది? అందుకని బావ లోపల మూలల్లో చిన్న చిన్న ఇసుక సంచులు పెట్టేవాడు. మేకుల సంచి ముడి విప్పిన పాపాన పోలేదు. తాళ్ళు మాత్రం మొదట్లో అందంగా చుట్టూ పరిచి ఉంచేవాడు. ఓ రోజు ఒకావిడ కాలికి తాడు తగిలి బోర్లా పడింది. పెదవి చిట్లింది. ఆవిడ మొగుడు షాపు పీకి పందిరేశాడు. ఆ సాయంత్రం మేనేజరు బావని అందరి ముందూ నిలబెట్టాడు.

"ఇకమీద ఒక్క తాడు కింద కనబడిందా, నువ్విక్కడ కనబడవు" అన్నాడు.

ఆ మాట నేను కౌంటర్లోంచి విన్నాను. అప్పట్నుంచీ టెంటు లేవగానే బావ చేసే మొదటి పని, ఒక్కో తాడునీ చిన్న ఉండగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, అంచు కిందకి దోపెయ్యడం. గుమ్మం ఎప్పుడూ జనం వచ్చే దారివైపే ఉండాలి, జిప్పు బార్లా తెరిచి ఉండాలి అన్నది కూడా మేనేజరు పెట్టిన నియమమే. ఏళ్ళు గడిచేసరికి ఇదంతా ఆయన చేతులకి పట్టేసింది. కళ్ళు మూసుకుని కూడా అలాగే చేసేవాడు. బయట మట్టిలో టెంటు వేసే అవకాశం మాత్రం ఆయనకి ఎప్పుడూ రాలేదు. లోకానికి సెలవైన రోజునే కదా షాపులో జనం. ఎవరైనా కస్టమరు ఇది గాలికి ఆగుతుందా అని అడిగితే, కొండ కదిలినా ఇది కదలదండీ అనేవాడు. నేను నోరు మూసుకుని నవ్వాపుకునేదాన్ని. నువ్వెప్పుడైనా ఇందులో పడుకున్నావా బావా అని ఓసారి నిలదీస్తే, మంచాలమ్మేవాడు అన్ని మంచాల మీదా పడుకుంటాడా అని దులిపేశాడు.

ఆ ఏడు మా ఓనరుకి ఏం బుద్ధి పుట్టిందో, సిబ్బందినంతా కుటుంబాలతో సహా ఊరి బయట సరస్సు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. మన టెంట్లు మనమే వేసుకుని పగలంతా అక్కడే గడపాలట. మేనేజరు బావని పిలిచి, ఓనరు గారి పెద్ద టెంటు నువ్వే వెయ్యాలి, ఆయన కళ్ళ ముందే వెయ్యాలి, భోజనాలయ్యాక హెడ్‌గా నీ పేరు ఆయనే చెబుతారు అన్నాడు. బావ ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను. అక్క వింటూనే లేచి వెళ్ళి ఆయన తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చెయ్యడానికి కూర్చుంది. ఆ చొక్కాకి అంతసేపు ఇస్త్రీ అక్కర్లేదు.

బస్సులు సరస్సు గట్టున ఆగాయి. జనమంతా నీటివైపునుంచే నడిచి వస్తున్నారు. బావ పెద్ద టెంటుని ఇసుకమీద పరిచి, ఎప్పటిలాగే టకటకా లేపేశాడు. గుమ్మం జనం వచ్చే వైపు తిప్పాడు. అంటే నీటివైపు, గాలి వచ్చేవైపు. జిప్పు బార్లా తెరిచాడు. తాళ్ళన్నీ చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి దోపేశాడు. అంతా అయ్యాక మేకుల సంచి ముడి విప్పి, నాలుగు మూలల్లో నాలుగు మేకులు అరచేత్తోనే నొక్కాడు. అవి ఇసుకలోకి వెన్నలో దిగినట్టు దిగిపోయాయి. ఎంత సులువుగా దిగాయో చూశావా మరదలా అని మురిసిపోయాడు. నాకు మాత్రం ఏం తెలుసు, నేనూ మురిసిపోయాను. ఓనరు చప్పట్లు కొట్టాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భోజనాల మధ్యలో గాలి లేచింది. మహా గాలివాన అని చెప్పను, సరస్సు మీద ఎప్పుడూ వచ్చే గాలే. తెరిచిన గుమ్మంలోంచి లోపలికి దూరేసరికి టెంటు బుగ్గలు పూరించినట్టు ఉబ్బింది. మేకులు ఒకటొకటిగా ఊడొచ్చాయి. అంత పెద్ద టెంటూ పల్టీలు కొడుతూ, తింటున్నవాళ్ళ పళ్ళేల మీదుగా దొర్లి, గట్టు వెనక్కి చుట్టి వచ్చిన సరస్సు పాయలోకి జారి పడింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఇక అందరూ పగలబడి నవ్వారు. బావ ఆ అరిగిన మోకాళ్ళతో పరిగెత్తి, నడుంలోతు నీళ్ళలో దిగి, ఆ గుడ్డని ఒక్కడే లాక్కొచ్చాడు. తెల్లచొక్కా నిండా బురద.

ఓనరు మేనేజరు వైపు తిరిగి, మీరు చెప్పిన మనిషి ఈయనేనా అని అడిగాడు. మేనేజరు, ఎన్నిసార్లు చెప్పానండీ తాళ్ళు కట్టమని, చెబితే వింటేనా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తాడు కింద కనబడితే ఉద్యోగం ఉండదన్నది మీరు కాదా సార్?" అన్నాను, అందరికీ వినబడేలా.

మేనేజరు ముఖం మాడిపోయింది. ఓనరు బావని చూశాడు. ఆ ఒక్క క్షణం బావ చేతిలోనే ఉంది. అవునండీ అంటే చాలు. బావ ఒంటినిండా నీళ్ళు కారుతూ నిలబడి, నా వైపు కూడా చూడకుండా అన్నాడు.

"ఊరుకో అమ్మా. తప్పు నాదే."

ఎప్పుడూ మరదలా అనే మనిషి, అమ్మా అన్నాడు.

బూట్ల సెక్షన్లో చేసే అబ్బాయి ఒకడు సెలవు పెట్టి మరీ స్నేహితులతో కొండలెక్కుతుంటాడు. ఆ రోజు అతను తన చిన్న టెంటుని చెట్ల చాటున, గాలికి వీపు పెట్టి, తాళ్ళు బిగించి వేసుకున్నాడు. అది ఇంచు కూడా కదల్లేదు. సాయంత్రం ఓనరు టెంట్ల సెక్షన్ హెడ్‌గా అతని పేరే చెప్పాడు. అతను చెడ్డవాడేం కాదు, బావని అంకుల్ అంకుల్ అని గౌరవంగానే పిలుస్తాడు. అదే నా ఏడుపు. తనివితీరా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

ఆ తడి టెంటుని ఇంటికి మోసుకొచ్చింది కూడా బావే. తడిగా మడిచిపెడితే బూజు పట్టి పాడవుతుందట. బాత్రూంలో మోకాళ్ళ మీద కూర్చుని మంచినీళ్ళతో బురద కడిగాడు. జిప్పు పళ్ళలో ఇరుక్కున్న ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో తీశాడు. ఎండ తగలకూడదని గదిలోనే ఈ గోడకీ ఆ గోడకీ తాడు కట్టి ఆరేశాడు. అది ఆరినన్నాళ్ళూ ఆ ఇంట్లో వాళ్ళు దాని కిందే వంగి తిరిగారు, దాని కిందే తిన్నారు. అక్క ఆ గుడ్డని చేత్తో పక్కకి తోసుకుంటూ నడిచేది, ఆయనతో మాట్లాడేది కాదు. చివరికి ఓ రోజు నా ముందే అడిగేసింది.

"ఆ తాళ్ళు విప్పి కట్టాలని నీకు నిజంగా తెలీదా?"

"తెలుసు. సంచిలో వచ్చే కాగితం మీద చదివిందే కదా" అన్నాడు బావ. "చెయ్యి వినలేదే."

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడే వినబడింది.

టెంటు మళ్ళీ షాపుకొచ్చింది. సరస్సులో పడిందంటే ఎవరూ నమ్మరు, అంత శుభ్రంగా ఉంది. దాన్నే మళ్ళీ టైల్స్ మీద వేశాడు బావ. కొత్త హెడ్ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఓ పెద్దమనిషి టెంటు చుట్టూ తిరిగి, గుడ్డ పట్టుకు చూసి, అందరూ అడిగేదే అడిగాడు, గాలికి ఆగుతుందా అని. కొండ మాట ఇప్పుడొస్తుందనుకుని నేను తలెత్తాను. బావ మెల్లగా మోకాళ్ళ మీదకి దిగాడు. అంచు కిందనుంచి ఒక ఉండ తీసి, రబ్బరు బ్యాండు తీసేసి, తాడు విప్పాడు. జనం నడిచే దారికి అడ్డంగా దాన్ని బిగలాగి పట్టుకున్నాడు.

"ఆగుతుందండీ. ఇలా లాగి కట్టాలి."

"దేనికి కడతారు?"

"మేక్కి."

"మేకేదీ మరి?"

బావ చేతిలో తాడు అలాగే పట్టుకుని కింద టైల్స్ వైపు చూశాడు.

"ఈ నేలలో మేకు దిగదండీ" అన్నాడు.

కుర్చీలోంచి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు, అంకుల్, ఆ తాడు చుట్టెయ్యండి, ఎవరికైనా కాలికి తగులుతుంది అని. బావ చుట్టేశాడు. రబ్బరు బ్యాండు వేసి, అంచు కిందకి దోపాడు. అరచెయ్యి నేలకి ఆనించి అబ్బా అన్నాడు. కాసేపు ఆగాడు. ఈసారి లేవలేకపోయాడు. నా ముందు బిల్లుల కోసం జనం బారు తీరి ఉన్నారు, లేవడానికి లేదు. కుర్చీలో అబ్బాయి మళ్ళీ ఫోన్లో తలదూర్చాడు. చివరికి ఆ పెద్దమనిషే చేతిసంచి కింద పెట్టి, చెయ్యిచ్చి ఆయన్ని లేపాడు. టెంటు మాత్రం కొనలేదు.

అక్కకి ఈ సంగతి నేను చెప్పలేదు. ఇంకొకటి కూడా చెప్పలేదు. ఆ కుర్చీ దుమ్ము రోజూ పొద్దున్నే తుడుస్తున్నది ఇప్పటికీ మా బావే.