పడుగు మీదుగా పోయిన గోలు

బొంబాయి మిల్లు నుంచి సెలవు మీద వచ్చిన మా దోస్తు రాజలింగంతో కలిసి ఈ రోజు సాయంత్రం నేత నేసే నర్సయ్య కాక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. చిన్నప్పుడు మా ఇళ్లు ఆయన ఇంటికి అటూ ఇటూ ఉండేవి. మాటలు ఎటు తిరిగినా చివరికి హైస్కూలు ఫుట్‌బాల్ దగ్గరికే వచ్చాయి. మెదక్ జట్టుతో ఆడిన రోజు గోల్‌కీపర్ జారిపడ్డాడు, ఎదుట గోలు ఖాళీగా ఉంది. అయినా మా రాజలింగం బంతిని పైకర్ర మీదుగా తన్నాడు. ఓడిపోయాం.

"గాలి లేశిందిరా, నేనేం జేత్త!" అన్నాడు రాజలింగం, ఇన్నేళ్ల తర్వాత కూడా.

"గాలి గాదు. గీ గల్లీల కాక మగ్గం పడుగు పోగులు చాపి గంజి పెడుతుంటె, నూలుకు తాకకుండ బంతిని పైకెల్లి తన్నుడే నేర్చినం. నీ కాలుకు గదే అలవాటాయె!" అన్నాను.

ఈ ప్రపంచ యుద్ధం వల్ల అరకొరగా దొరుకుతున్న నూలును కండెలకు చుట్టుకుంటున్న నర్సయ్య కాక తలెత్తాడు.

"పడుగు తెగితె గప్పుడు మా ఇంటిల్లిపాది పస్తుండేటోళ్లం. మీ ఆటకు ఒక్క పోగు తెగలే. మీరు ఓడిన్రు గని, నేను గెలిచినరా!"

 రాజలింగం కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి నేను చాయ్ హోటల్‌కు వెళ్తే, రాజలింగం ఆ గోలు కాక కోసం కావాలనే వదిలేశానని అక్కడ అందరికీ చెబుతున్నాడు. మీ దోస్తులు కూడా ఇంతేనా, లేక మావాడొక్కడేనా?