ఐక్యత ఆదివారం అన్నం

మా చర్చి సంఘంలో గొడవలు లేవు. ఒక్కటే గొడవ, అది చాలింది. గుడి ప్రహరీకి కొత్త గేటు రోడ్డు వైపు పెట్టాలా, కాలవ వైపు పెట్టాలా అన్నది తేలక, రెండు వైపులా గోడ కొట్టేసి, ఎక్కడా గేటు పెట్టకుండా ఊరుకున్నాం. ఎవరి సందులోంచి వాళ్ళం వచ్చేవాళ్ళం. మేకలు మాత్రం పక్షపాతం లేకుండా రెండింటిలోంచీ వచ్చేవి.

ఇది చూడలేక పాస్టరుగారు ఒక ఆదివారాన్ని ఐక్యత ఆదివారమన్నారు. ఆరాధన అవ్వగానే ప్రేమవిందు. వంట ఎప్పట్లాగే మా అమ్మది. ఆవిడ రిటైరైన టీచరు. బళ్ళో ఏం చెప్పేదో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆవిడ వండితే అన్నం పలుకు పలుకుగా వస్తుందని రెండు సందుల వాళ్ళూ ఒప్పుకునేవారు. అమ్మకున్న ఆస్తల్లా ఆ ఒక్క మాటే.

కమిటీ ఐక్యతని పనుల్లోకి కూడా దించింది. ప్రతి పనికీ రోడ్డు వైపు నుంచి ఒకరు, కాలవ వైపు నుంచి ఒకరు. అన్నం గుండిగ దింపి గంజి వార్చడానికీ అంతే. అటు చెవి ఒకరిది, ఇటు చెవి ఒకరిది.

పాస్టరుగారు మైకులో “చివరిగా ఒక్క మాట” అనగానే అమ్మ ఎసట్లో బియ్యం పోస్తుంది. ఆయన చివరి మాట సరిగ్గా అన్నం ఉడికేంత ఉంటుంది. ఆ రోజూ అలాగే పోసింది. కానీ ఆ రోజు ఆయన, మాట ముగించి, రెండు వైపుల పెద్దల్నీ చెరొక ప్రార్థన చెయ్యమన్నారు.

ప్రార్థనలో మాకో సదుపాయం ఉంది. ఎవర్నేమన్నా అనొచ్చు. అవతలివాళ్ళు కళ్ళు మూసుకుని వినాల్సిందే.

“ప్రభువా, కొందరి హృదయాలు కఠినమయ్యాయి తండ్రీ. వాళ్ళెవరో నీకు తెలుసు, మాకూ తెలుసు” అని రోడ్డు వైపు పెద్దాయన మొదలెట్టారు. ఆయన ఆమేన్ అనగానే కాలవ వైపు పెద్దాయన అందుకున్నారు. “తండ్రీ, తమ కొట్టుకి బేరాలు పెరగాలని నీ ఇంటి గేటు అటు తిప్పమంటున్నారు. వాళ్ళని క్షమించు.” తర్వాత రోడ్డు వైపు నుంచి ఎవరూ అడక్కుండానే ఇంకో ప్రార్థన లేచింది.

“ఒరే, మెతుకు పట్టి చూశాను, ఉడికిపోయింది. వాళ్ళిద్దర్నీ పిలుచుకురా” అంది అమ్మ.

“నువ్వో చెవి, నేనో చెవి పట్టుకుంటే?”

“ఆ గుండిగ మనిద్దరం లేపితే, సాయంత్రం మన భూస్థాపన కూడా ఐక్యంగా చేస్తారు. వెళ్ళు.”

లోపలికెళ్ళి, గుండిగ దింపాల్సిన రోడ్డు వైపు ఆయన చొక్కా లాగాను. ఆయన ఒక కన్ను తెరిచారు. “మావాళ్ళ ప్రార్థనలో నేనే లేచొస్తే ఎలా అండి?” కాలవ వైపు ఆయన దగ్గరికెళ్తే, “వాళ్ళ ప్రార్థనలో లేస్తే కావాలని లేచాననరా? మావాళ్ళది మొదలవ్వనివ్వండి” అన్నారు. వాళ్ళది మొదలయ్యాక ఇద్దరి ఇబ్బందులూ తారుమారయ్యాయి.

ఆఖరి ఆమేన్ తర్వాత ఇద్దరూ పరిగెత్తుకొచ్చి గుండిగ వంచారు. గంజి రాలేదు. గంజీ అన్నమూ అప్పటికే ఏకమైపోయాయి.

బంతిలో అందరూ ముద్ద వైపు చూశారు.

“ఏంటండి ఇది, పసిపిల్లలకి పెట్టేదానిలా ఉంది” అంది కాలవ వైపు ఒకావిడ, ఎవర్నీ ఉద్దేశించకుండా.

పక్క బంతిలోంచి రోడ్డు వైపావిడ తిరిగింది. “అదే నేనూ అనుకుంటున్నాను వదినా. పెద్దావిడైపోయింది, చూపు ఆనటం లేదేమో.”

ఏడాదిగా మాట్లాడుకోని వాళ్ళు. అక్కణ్ణించి పాత విందులన్నీ తవ్వారు. ఎప్పుడో పప్పులో ఉప్పు తగ్గిందని ఒకరంటే, ఆ రోజు కూరా మాడిందని మరొకరు సాక్ష్యం చెప్పారు. పాస్టరుగారు బంతుల మధ్య తిరుగుతూ మురిసిపోయారు. అమ్మ మారు వడ్డిస్తూనే ఉంది.

ఆ వారమే కమిటీ కూర్చుంది. ఇకనుంచి విందులకి టౌను నుంచి క్యాటరింగు పెట్టాలని తీర్మానం. అంతా విని ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ పెరట్లో గోంగూర వలుస్తోంది.

“ఎవరు పెట్టారు?”

“రోడ్డు వైపు వాళ్ళు.”

“కాలవ వాళ్ళు కాదన్నారా?”

“వాళ్ళే బలపరిచారు. ఒక్కరు కూడా వ్యతిరేకించలేదమ్మా. అందరూ ఒక్కటయ్యారు.”

కాడలు పక్కకి తోసింది.

“అందరూ ఎందుకురా. ఆ పూట ఇద్దరు చాలేవాళ్ళు నాకు.”