నూకాలు చెప్పిన అబద్ధం

వల ఎక్కడ వేశావని ఒడ్డున ఎవరడిగినా జాలరి నిజం చెప్పడు. చెబితే మర్నాడు ఊళ్లో పడవలన్నీ అక్కడే ఉంటాయి. విశాఖ మల్కాపురంలో మా ఇంటికి చేపలు తెచ్చే గంగాలమ్మ మొగుడు నూకాలైతే ఈ విద్యలో ఘటికుడు. భీమిలి వైపు వెళ్లొచ్చి, యారాడ కొండ కింద పడ్డాయని కళ్లార్పకుండా చెప్పేవాడు.

ఎమర్జెన్సీ రోజుల్లో మామూలు చొక్కా వేసుకున్న ఒకాయన రేవులో అదే ప్రశ్న అడిగాడు. నూకాలు అలవాటుగా అదే జవాబు చెప్పాడు. ఖర్మ! ఆ వారమే ఆ కొండ కింద, నేవీవాళ్లు ఎవర్నీ రానివ్వని నీళ్లలో, ఎవరిదో పడవ తిరిగిందట. సాయంత్రానికల్లా పోలీసులు నూకాలుని పట్టుకుపోయారు. కోర్టూ లేదు, కేసూ లేదు.

నేను పోర్టులో గుమాస్తాని. గంగాలమ్మ వచ్చి నా కాళ్ల మీద పడింది.

"త్రినాథరావు బాబూ, ఆడు ఊరికే అబద్దమాడేసినాడు. ఆ పెద్దోళ్లకి మీరే సెప్పాల."

భయం లేదని చెప్పను. ఆ రోజుల్లో ఎవడికి లేదు గనక? అయినా ఆ చొక్కా ఆయన కేంద్ర నిఘా శాఖ మనిషని పోర్టులో వాకబు చేసి, ఆమెను వెంటబెట్టుకుని ఆయన ఆఫీసుకి వెళ్లాను.

ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. "మేం ఎవర్నీ అరెస్టు చెయ్యమండీ. మాకా అధికారమే లేదు. విన్నది ఢిల్లీలో మా చీఫ్‌కి పంపుతాం. ఆయన ప్రభుత్వంలో పెద్దల చెవిన వేస్తారు. అంతే."

"అయితే నూకాలుని వదలమని ఆ చీఫ్‌కే చెప్పండి."

"ఆయన పట్టుకుంటే కదండీ వదలడానికి!"

నాకు ఒళ్లు మండిపోయింది. దేశంలో ఎవరు ఏ మూల ఏం మాట్లాడినా వినే పెద్దమనిషి, ఒక జాలరి కోతలు కోశాడన్న మాట మాత్రం వినలేడా?

గుమ్మంలో నిలబడ్డ గంగాలమ్మ గొంతు పెంచింది. "ఆ మాట పంపినోరు ఈ మాట పంపడానికేటి బాబూ?"

"పంపుతానమ్మా," అన్నాడాయన తల దించుకుని. "కానీ ఇదే అబద్ధమనుకుంటారు వాళ్లు."

ఎలక్షన్లొచ్చి ప్రభుత్వం మారితే గానీ నూకాలు ఇంటికి రాలేదు. చూడ్డానికి వెళ్లాను. మనిషి సగమైపోయాడు.

"అన్నం తిన్నావట్రా నూకాలూ?" అన్నాను.

వాడు బెదురుగా గంగాలమ్మ వైపు చూశాడు. "తిన్నావు, సెప్పు మావా" అని ఆమె కళ్లు తుడుచుకుంటూ తలూపాక, "తిన్నాను బాబూ" అన్నాడు.