నా పేరు మీద రాలేదు

తన పేరు మీద రాని అక్షరాన్ని దోన్ బల్తసార్ చిగువాయ్ చదవడు. ముప్పై ఎనిమిదేళ్ళు పోస్ట్‌మన్‌గా చేసిన మనిషి కాబట్టి ఉత్తరాల విషయంలో ఆ నియమం ఉండాల్సిందే, కాదనను. కానీ ఈయన గోడ మీది నోటీసు చదవడు. దుకాణం ముందు బోర్డు చదవడు. మందు సీసా మీది చీటీ చదవడు. “నా పేరు మీద రాలేదు” అంటాడు, మొహం పక్కకి తిప్పుకుంటాడు.

బర్రియా వాళ్ళ గేటు మీద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని జానెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది. ఈయన తిన్నగా లోపలికి నడిచాడు. కుక్క తన ఉద్యోగం తను చేసింది. పిక్కకి కట్టు కడుతూ నర్సమ్మ అడిగింది.

“అంత పెద్ద బోర్డు కనపళ్ళేదా?”

“కనపడింది.”

“మరి?”

“అందులో నా పేరు లేదమ్మా. ఎవర్ని ఉద్దేశించి రాశారో ఏమో!”

రేవు దగ్గరైతే రోజూ తమాషాయే. చలికాలం వచ్చిందంటే పడవల వేళలు మారతాయి, కొత్త బోర్డు వేలాడుతుంది. ఈయన దానికి వీపు పెట్టి నిలబడి కేకేస్తాడు. “ఎవరయ్యా అక్కడ! ఈ బోర్డు నాకు రాసింది కాదు. ఎవరన్నా కాస్త చదివి పెట్టండి!”

పడవ సరంగు నవ్వుకుంటూ చదువుతాడు. “బుధవారం పడవ ఎనిమిదింటికి కాదు, పదింటికి!”

“గట్టిగా చదువు నాయనా, నాకో చెవి మందం.”

“పదింటికీ! విన్నారా? అవునూ, రేపు మీ సమాధి మీద మీ పేరే చెక్కుతారు కదా, అదన్నా చదువుకుంటారా?”

“చదువుకుంటా. అప్పటికి తీరిక దొరుకుతుంది.”

మా దీవిలో ఈయన్ని అనుకరించడం రాని మనిషి లేడు. పెళ్ళి విందులో ఎవరికైనా రెండోసారి మాంసం వడ్డించకపోతే “నా పేరు మీద రాలేదు కాబోలు” అంటారు.

ఇక నా సంగతి. ఇరుగుపొరుగు సంఘం హాల్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకి నేను కాపలా. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టీ బాగుచేసీ నేర్చుకున్నాను. చిలీ దేశపు దక్షిణాన, చిలోయే దీవుల్లో మాది చిన్న దీవి. ఫోనుకి సిగ్నల్ చర్చి గుట్ట మీదే దొరుకుతుంది, ఇంటర్నెట్టు ఈ హాలు కప్పు మీది డిష్ గిన్నెలోంచే దిగుతుంది. అందుకని దీవి మొత్తానికీ వచ్చే మెయిళ్ళు నా ఒక్క తెర మీదే తెరుచుకుంటాయి. వస్తాయి సరే, వచ్చాయని ఎవరికీ తెలియదు. బంగాళాదుంపలు నాటే రోజుల్లో రెండేసి వారాలు ఈ హాలు గుమ్మం తొక్కేవాళ్ళే ఉండరు.

కిందటేడు దోన్యా క్లోరిందా నౌతోకి అదే జరిగింది. సముద్రపు నాచు ఏరుకుని బతికే మనిషి. తుంటి ఎముక అరిగి రెండేళ్ళుగా వంగలేదు. ఒడ్డున రాయి మీద కూర్చుని, పక్కవాళ్ళ సంచులు నిండుతుంటే చూస్తూ ఉంటుంది. అవతలి ఒడ్డు ఆసుపత్రి ఆపరేషనుకి తేదీ ఇచ్చి, రెండు రోజుల్లో జవాబు రాయమంది. ఈవిడ తొమ్మిదో రోజున వచ్చి మెయిలు తెరిచింది. ఆ వంతు ఇంకొకరికి పోయింది. మళ్ళీ వసంతంలో పిలుస్తామన్నారు. అదీ తప్పితే పేరు జాబితా అడుక్కి జారిపోతుంది.

“నా రోజుల్లో పడవ మలుపు తిరగ్గానే కొమ్ము ఊదేవాణ్ణి” అన్నాడు దోన్ బల్తసార్. “ఉత్తరాలొచ్చాయని దీవంతా తెలిసిపోయేది. నీ పెట్టెకి కొమ్ము లేదా నెల్దా?”

“ఉంది. తెర మూల ఓ చిన్న ప్రోగ్రాము కూర్చుంటుంది. మెయిలు రాగానే గంట కొడుతుంది.”

ఆయన మొహం వెలిగిపోయింది. “కొట్టనీ! క్లోరిందమ్మ ఇంటికి నేను వెళ్ళి చెప్తా. గంట నడక, అంతేగా.” డెబ్బై ఒకటో ఏట ఆ మాటన్నాడు.

“ఆవిడ పాస్‌వర్డు అందులో కొట్టి, గుర్తుపెట్టుకో అని టిక్కు పెడితే సరి” అన్నాను.

“ఏమన్నావ్?”

“పాస్‌వర్డు...”

“గంట కొట్టేవాడికి ఇంటి తాళాలు ఇచ్చేస్తావా? వాడి పని గంట కొట్టడం! బీరువా వాడికెందుకు? సరే, ఆ పెట్టె నుంచి ఈ పెట్టెకి వచ్చే సంచికి సీలు ఉంటుందా? ఎవరు రాశారో వాడికి కనపడుతుందా?”

మూడు ప్రశ్నలడిగాడు. ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. నాకన్నీ తెలుసని దీవిలో పేరు!

మూడు రోజులు సహాయం పేజీలు ముందేసుకు కూర్చున్నాను. ఆయన నా వెనకే, తెరకి వీపు పెట్టి. “అవి నీకు రాశారు, నాకు కాదు. గట్టిగా చదువు, వింటా.” చదివితే తెలిసింది, ఆయన అడిగినవన్నీ ఉన్నాయి. సురక్షిత కనెక్షన్ అని ఒక గడి ఉంది, టిక్కు పెడితే దారిలో ఎవరూ తొంగిచూడలేరు. “అదీ సీలు!” అన్నాడు. ఎవరు రాశారో చూపించకుండా ఎన్ని వచ్చాయో మాత్రం చూపించే ఏర్పాటూ ఉంది. అన్నిటికన్నా గొప్పది, ఆ గంట ప్రోగ్రాముకి మాత్రమే విడిగా ఓ పాస్‌వర్డు ఇప్పించుకోవచ్చు. పదహారు అక్షరాలు. అనుమానం వస్తే ఆ ఒక్కదాన్నీ రద్దు చేసేయొచ్చు, అసలు తాళం మార్చక్కర్లేదు.

“చూశావా!” అన్నాడు గోడతో. “ఆ పేజీ రాసినవాడెవడో కచ్చితంగా పోస్ట్‌మన్ కొడుకే.”

ఒకటే చిక్కు. ఆ విడి తాళం ఇవ్వాలంటే ముందు అసలు తలుపుకి రెండో గొళ్ళెం పెట్టాలట. ఫోనుకి ఆరంకెల కోడు వస్తుంది, పది నిమిషాల్లో ఇక్కడ కొట్టాలి. ఫోనుకి సిగ్నలేమో గుట్ట మీద, కంప్యూటరేమో కింద.

“మీరు పైకెళ్ళి, కోడు రాగానే అంకెలు చూసి గట్టిగా అరవండి” అన్నాను.

“ఛీ ఛీ! అది క్లోరిందా నౌతో పేరు మీద వస్తుంది!”

క్లోరిందమ్మ ఫోనుని ఆయన తన పాత తోలుసంచిలో పెట్టి, బకిలు బిగించి గుట్టెక్కాడు. పైనుంచి ఆయన చెయ్యూపగానే నేను కింద కోడు అడిగాను, సంచిలో ఫోను కూసింది. దిగాడు. పద్నాలుగు నిమిషాలు. కోడు చచ్చిపోయింది. రెండోసారి దారికడ్డంగా గొర్రెలు. పదకొండు నిమిషాలు. మూడోసారికి ఊరంతా బయటికొచ్చింది. బర్రియా వాళ్ళు గొర్రెల్ని తోలేశారు, కుక్కని కట్టేశారు. సరంగు గడియారం పట్టుకు నిలబడి, “పరిగెత్తండి తాతా! మీ పేరు మీద కాకపోతే ఏం, మీ కాళ్ళ మీదన్నా వస్తోంది!” అని అరుస్తున్నాడు. వానలో, బురదలో, సంచి గుండెలకి హత్తుకుని, తొమ్మిది నిమిషాలకి దిగాడు ఆ మహానుభావుడు. అంత గర్వంగా మా దీవి ఏ ఫుట్‌బాల్ ఆటలోనూ చప్పట్లు కొట్టలేదు.

ఫోను క్లోరిందమ్మ చేతికిచ్చి ఆయన గోడకి తిరిగాడు. నేనూ తిరిగాను. అంకెలు టకటకా కొట్టింది ఆవిడ. అల్లిక కుట్లు లెక్కపెట్టే చెయ్యి కదా. అసలు పాస్‌వర్డు కూడా అంతే, మీటల వైపు చూడకుండా, మేనకోడలు నేర్పిన అల్లిక నమూనాలా వేళ్ళతో నడిపేస్తుంది. తెర మీద పదహారు అక్షరాలు వచ్చాయి. ఒక్కసారే కనపడతాయి, మళ్ళీ చూపించరు; అప్పుడే చూసి గంట ప్రోగ్రాములో కొట్టుకోవాలి.

మీటల చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు.

“అయిందా దోన్యా క్లోరిందా?”

“కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానే పిల్లా.”

తొమ్మిదేళ్ళుగా ఈవిడ కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోతోంది. “పోనీ నేను చదివి పెట్టనా?”

“వద్దు!” అన్నాడు దోన్ బల్తసార్ గోడతో. “కిటికీ అవతల సగం దీవి ఉంది. పైకి చదివాక అది రహస్యమెలా అవుతుంది?”

నేను కొంచెం పక్కకి తిరిగి చూశాను. మా స్పానిష్ లిపిలో ప్రతి అక్షరానికీ రెండు రూపాలు, పెద్దదొకటి, చిన్నదొకటి. తెర మీద చిన్నవి, మీటల మీద పెద్దవి. క్లోరిందమ్మ వేలు మీటల మీద గాల్లో తిరుగుతోంది, తెర మీది ఆకారానికి ఇక్కడ జోడు వెతుక్కుంటూ. దొరకదు. అప్పుడు తెలిసింది నాకు. చెవులు వేడెక్కాయి.

“నెల్దా,” అన్నాడు ఆయన, మొహం గోడ వైపే ఉంచి, చాలా మామూలుగా. “ఉత్తరం విప్పకుండా ఓ సంచిలోంచి ఇంకో సంచిలోకి మార్చే ఉపాయం ఆ పెట్టెలో లేదూ?”

ఎందుకు లేదు! “ఉంది. దోన్యా క్లోరిందా, మొదటి అక్షరం దగ్గర మౌసు నొక్కి పట్టి, నూలు లాగినట్టు చివరిదాకా లాగండి. రంగు మారిందా? ఎడమ మూల మీట, దాంతోపాటు కింది వరసలో నెలవంకలా ఉన్నది. ఇప్పుడు గంట ప్రోగ్రాములో ఖాళీ గడి మీద ఓసారి నొక్కండి. మళ్ళీ ఎడమ మూల మీట, నెలవంకకి కుడిపక్కనే ఉన్నది.”

పదహారు చుక్కలు పడ్డాయి. ఎవరూ చదవలేదు, ఎవరూ వినలేదు, అక్షరాలు మాత్రం చేరాల్సిన చోటికి చేరాయి. పరీక్షకని మెయిలు పంపితే గంట ఖణేల్మంది. కిటికీ అవతల కేరింతలు.

సాయంత్రం ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టాను. “ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?”

“ఏమిటి తెలిసేది?”

“అదే, ఆవిడకి...”

“ఆ సంగతి నా పేరు మీద రాలేదమ్మాయ్” అని తలుపేసుకున్నాడు.

వానలో నిలబడి ఆలోచించాను. రేవులో ఈయన బోర్డు చదివించుకున్నప్పుడల్లా పక్కన ఎవరున్నారు? క్లోరిందమ్మ, ఆవిడతో నాచు ఏరే ఆడవాళ్ళు. మందు సీసా మీది చీటీ నర్సమ్మ చేత పైకి చదివించినప్పుడు బల్ల మీద ఎవరు? అదే మందు తీసుకున్న గొర్రెల కాపరి ముసలాయన. వాళ్ళెవరూ ఏనాడూ నోరు తెరిచి అడగాల్సిన పని రాలేదు. దీవిలో ప్రతి బోర్డునీ గట్టిగా చదివి వినిపించాం మేమందరం, ఈయన్ని ఆటపట్టిస్తున్నామనుకుంటూ. బర్రియా వాళ్ళ కుక్క సంగతే నాకింకా అర్థం కాలేదు. ఆ రోజు పక్కన ఎవరూ లేరు. అలవాటు తప్పకూడదని కాబోలు కరిపించుకున్నాడు.

ఇప్పుడు మా హాల్లో పదకొండు మందికి గంటలున్నాయి, పదకొండు విడి తాళాలతో. అవతలి దీవుల వాళ్ళు వచ్చి చూసి వెళ్తున్నారు. ఎలా చేశారంటే, మా పోస్ట్‌మన్ చెప్పాడంటాం.

అక్టోబరులో, మాకది వసంతం, ఓ పొద్దున క్లోరిందమ్మ గంట మోగింది. తెర మూల ఒకటి అంకె. దోన్ బల్తసార్ వానకోటు తొడుక్కుని వెళ్ళాడు, మధ్యాహ్నానికి ఆవిణ్ణి ఎడ్లబండిలో తీసుకొచ్చాడు. ఆవిడ మెయిలు తెరిచింది. ఈయన గోడకి తిరిగి, “నెల్దా, నాకో చెవి...” అని మొదలుపెట్టాడు.

“నువ్వాగు ముసలాడా!” అంది క్లోరిందమ్మ. నా వైపు తిరిగింది. “నాకసలు కళ్ళజోడే లేదే పిల్లా. చదవడం రాదు. అందులో ఏముందో చదువు.”

చదివాను. నవంబరు పద్నాలుగు, ఉదయం పది గంటలకి. వస్తారో లేదో రేపటిలోగా జవాబు రాయాలి.

“ఏం రాయాలి?”

“ఔను అని రాస్తే చాలు. ‘సీ’, మన లిపిలో రెండే అక్షరాలు.”

“ఏ మీటలో చూపించు. నొక్కడం నేనే నొక్కుతా.” ఒకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. వెనక్కి వాలి చూసుకుంది. “బల్తసారూ, ఇటు తిరుగు. ఇది నేను రాశాను. చూడు.”

“నా పేరు మీద...”

“రాసినదాన్ని నేనే చూడమంటుంటే!”

తిరిగాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు. “గీత ఏదీ?” అన్నాడు.

“ఏం గీత?”

“రెండో అక్షరం నెత్తిన గీత ఉండాలి. గీత ఉంటేనే ‘ఔను’. లేకపోతే ‘ఒకవేళ’ అని అర్థం. ఆపరేషనుకి వస్తావా అని వాళ్ళడిగితే ‘ఒకవేళ’ అంటావేమిటి క్లోరిందమ్మా?”

“పుట్టి బుద్ధెరిగాక మొదటి ఉత్తరం రాస్తే దానికీ తప్పులు పడతావా!” అని ఆవిడ బల్ల కదిలేలా నవ్వింది. నవ్వుతూనే వేలు చాపింది. “ఎక్కడుందే పిల్లా ఆ గీత? వాణ్ణి అడక్కు, నువ్వు చూపించు.”

చూపించాను. ఆవిడ గీత పెట్టి, పంపింది.